నాట్లు వేసిన లాన్

లాన్ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఈమధ్య నాకు ఫోన్ చేసి అడుగుతుంటారు, "బాబాయ్, మన తెనాలి వైపు రై గడ్డి బతుకుతుందా?" అని. బతుకుతుంది నాయనా. కార్తీకంలో చల్లితే శివరాత్రి దాకా బతుకుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, దాని వెనకే ఈ గడ్డీ పోతుంది. అది చలిదేశపు గడ్డి. మన ఎండకి దాన్ని తిట్టి లాభం లేదు.

విత్తనం ఎంత చల్లాలి, నీళ్ళు ఏ వేళ పెట్టాలి అన్నవి ఇప్పుడు ఎవరి ఫోన్లో చూసినా దొరుకుతాయి. ఎక్కడా దొరకని సంగతి ఒకటుంది, అది నేను చేసిన వెధవ పని. ముప్పై ఏళ్ళకు పైగా గడ్డితోనే బతికాను. నన్ను మెచ్చుకున్న రోజులు చాలావరకు మర్చిపోయాను గానీ, ఆ ఒక్కరోజు మాత్రం నిన్న జరిగినట్టే ఉంది. మీకు పనికొస్తుందని చెబుతున్నాను. కాస్త నా బరువు దించుకోవడానికి కూడా అనుకోండి.

అప్పట్లో తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే దారిలో, పొలాల మధ్య ఉన్న ఒక కాలేజీలో కొత్తగా చేరాను. తోట, లాన్ నా బాధ్యత. ఏడాది చూసి పర్మనెంటు చేస్తామన్నారు. ఆ కాలేజీ ఛైర్మన్ రేపల్లెలో రైస్ మిల్లులు నడిపి పైకొచ్చిన పెద్దాయన. కుర్రతనంలో స్వయంగా అరక దున్నినవాడు. ఎంత కారులో తిరిగినా చేలోకి దిగేటప్పుడు చెప్పులు గట్టు మీద వదిలే మనిషి. ఆ ఏడు వేసవిలో ఊటీ వెళ్ళొచ్చి నన్ను పిలిపించారు.

"అక్కడ గడ్డి మీద చెప్పులు విప్పి నడిచానయ్యా. మెత్తగా ఎంత హాయిగా ఉందనుకున్నావు! మన కాలేజీ ముందు అలాంటిది వెయ్యి. జనవరిలో వార్షికోత్సవం నాడు నేను దాని మీద నడవాలి."

"అది చలికాలం గడ్డండి. ఎండలు ముదిరితే పోతుంది," అన్నాను.

"పోనీవయ్యా. వరి మాత్రం ఏడాదంతా ఉంటుందా ఏంటి?"

నేను కొండల మీద ఒక చలి ఊళ్ళో రెండేళ్ళు లాన్ పని చేసి వచ్చినవాణ్ణి. నన్ను తీసుకున్నది కూడా అందుకే. ఈ చుట్టుపక్కల ఆ గడ్డి సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అన్న పొగరు నెత్తికెక్కింది. కాలేజీ ముందు పది సెంట్ల లాన్ ఉండేది. అంతా మన గరిక జాతి గడ్డే. దాన్ని మిషనుతో నేలకి అంటేలా కోయించి, పైన రై విత్తనం చల్లి, సన్నని ఇసుక పల్చగా కప్పాను. విత్తనం నా చేత్తోనే చల్లాను. ఇద్దరు మిషను కుర్రాళ్ళను తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. అదేదో దేవరహస్యమైనట్టు సంచి మీద పేరు కూడా కనపడకుండా మడిచి పెట్టాను.

వారం తిరక్కముందే మొలిచింది. కొన్నిచోట్ల ఒత్తుగా, కొన్నిచోట్ల పల్చగా కుదుళ్ళు కుదుళ్ళుగా వచ్చినా, మూడు వారాలకు నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది. ఆ నిగనిగ గరికకు రాదు. డిసెంబరు మంచు గడ్డి మీద నిలిస్తే తెగులు వస్తుందని రోజూ పొద్దున్నే పొడుగాటి వెదురు కర్రతో మంచు దులిపేవాణ్ణి. పనికొచ్చే ఆడవాళ్ళు అది చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. "సారు పొద్దున్నే గడ్డిని కొడతన్నారే, రాత్రేం తప్పు చేసిందో!" అని ఒకామె అనడం నా చెవిన పడింది కూడా.

ఆ ఆడవాళ్ళు పన్నెండు మంది, సంగం జాగర్లమూడి నుంచి ఆటోలో వచ్చేవాళ్ళు. వాళ్ళ మేస్త్రికి నాకంటే ఏడెనిమిదేళ్ళు ఎక్కువే. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను సారూ అనేది. పదేళ్ళ వయసు నుంచి వరి నాట్లు వేసిన చెయ్యి. మడిలో దిగితే పక్కమనిషికి నడుము ఎత్తే సందు ఇచ్చేది కాదట. కానీ చేలల్లోకి నాట్ల మిషన్లు వచ్చాయి, కోత మిషన్లు వచ్చాయి, కలుపుకి మందులు వచ్చాయి. ఏడాది పొడుగునా ఆ ముఠాకి మిగిలిన పని మా కాలేజీలో చెట్లకు పాదులు తీయడం, ఊడవడం, కలుపు ఏరడం. "ఇది కూడా పోతే మేం ఇంక ఇళ్ళల్లో కూర్చోవడమే సారూ" అని ఆమె ఒకసారి నాతో అంది. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక ఆ రోజు సంగతి. లాన్ మీద ఇంకో పొర ఇసుక వేయాలి. బాపట్ల వైపు ఇసుక శుభ్రంగా ఉంటుంది కాబట్టి అక్కడికి వెళ్ళి మాట్లాడి వద్దామని బయల్దేరాను. తెనాలిలో పాసింజరు అందుకోవాలి. గేటు దగ్గర మేస్త్రి ఆపింది.

"సారూ, ముందరి లాన్లో కలుపు తియ్యమన్నారు గదా. కొత్తగా ఏందో మొలిచింది. ఏది ఉంచాలో, ఏది తియ్యాలో ఒక్కసారి చూపిచ్చి పోండి."

లాన్ అక్కడికి ఇరవై అడుగులు. వంగి ఒక పరక చూపించడానికి అర నిమిషం. నేను గడియారం చూసుకున్నాను.

"పుట్టినప్పటినుంచీ కలుపు తీస్తున్నారు, మీకు నేను నేర్పాలా అక్కా? ఊద, తుంగ ఏరెయ్యండి. గరిక జోలికి మాత్రం పోకండి." అంతే. బండెక్కి వెళ్ళిపోయాను.

బాపట్లలో ఇసుక మాట్లాడటం పావుగంటలో అయిపోయింది. అదే ఊళ్ళో మా సొంత అక్క ఇల్లు ఉంది. వచ్చినవాడు తినకుండా వెళ్తే ఊరుకునే మనిషి కాదు. చేపల పులుసు, గోంగూర పచ్చడి, గడ్డ పెరుగు. తిన్నాక కళ్ళు మూతలు పడ్డాయి. సాయంత్రం బండికి వెళ్ళొచ్చులే అనుకుని, ఫోను స్విచాఫ్ చేసి మరీ పడుకున్నాను. ఎవరు చూడొచ్చారు?

నేను కాలేజీ చేరేసరికి ఆడవాళ్ళ ఆటో వెళ్ళిపోయింది. ఆఫీసు మేనేజరు మెట్ల మీద నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కాలేజీలో గుండుసూది కూడా లెక్క తప్పనివ్వని మనిషి. ఆయన చూస్తున్న వైపు నేనూ చూశాను. ఎడమవైపు సగం లాన్ పచ్చగానే ఉంది. కుడివైపు సగంలో రై గడ్డి పరక కూడా లేదు. కోసేసిన గరిక మోళ్ళు, వాటి మధ్య ఇసుక, దాని మీద చక్కగా సాపు చేసిన చేతి గుర్తులు. అంత శుభ్రంగా కలుపు తీయడం నేను ఎక్కడా చూడలేదు.

ఏం జరిగిందో నాకు అప్పుడే అర్థమైంది. వరి చేలో ఊదని పోల్చుకోవడానికి మనవాళ్ళకి ఒక గుర్తుంది. పైన చూస్తే వరికీ ఊదకీ తేడా తెలియదు, మొదలు ఎర్రగా ఉంటే ఊద. ఆడపిల్లకి మడిలో దిగిన మొదటిరోజే పెద్దవాళ్ళు నేర్పే పాఠం అది. రై గడ్డికి కూడా మొదలు ఎర్రగానే ఉంటుంది. పైగా కిందటేడు తెప్పించిన మట్టితో లాన్లోకి నిజంగానే ఊద వచ్చింది. వాళ్ళు నేను చెప్పింది చెప్పినట్టు చేశారు. గరిక జోలికి పోలేదు.

"ఏంటండీ ఇది? ఏది తీయాలో మీరు వాళ్ళకి చెప్పలేదా?" అన్నాడు మేనేజరు.

"చెప్పానండి," అన్నాను.

ఒక్క మాట. నోట్లోంచి దానంతటదే వచ్చింది. పర్మనెంటు కాగితం ఇంకా చేతికి రాలేదు మరి.

"అయితే ఆ ముఠా రేపట్నుంచి గేటు లోపలికి రాకూడదు," అని మేనేజరు వాచ్‌మన్‌ని పిలిచి అక్కడే చెప్పేశాడు. నేను తల ఊపాను. తర్వాత ఫోను ఆన్ చేస్తే టంగు టంగుమని మెసేజీలు వచ్చాయి. నేను పడుకున్న వేళలో మేస్త్రి మూడుసార్లు ఫోన్ చేసింది. అంటే సగం పీకాక ఆమెకు అనుమానం వచ్చింది. అడుగుదామని చేసింది. బాపట్లలో నేను గుర్రు పెడుతున్నాను. సగం లాన్ మిగలడానికి కారణం నా చదువు కాదు, ఆమె అనుమానం.

విత్తనం మళ్ళీ తెప్పించాలంటే పది రోజులు. మొలిచి నిండాలంటే నెల పైమాట. వార్షికోత్సవం నాలుగు వారాల్లో ఉంది. కానీ నిజం చెబుతున్నాను, ఆ రాత్రి నాకు అన్నం సయించకపోయింది గడ్డి వల్ల కాదు. "ఇళ్ళల్లో కూర్చోవడమే సారూ" అన్న మాట వల్ల.

మర్నాడు పొద్దున గేటు దగ్గర గోల వినిపిస్తే వెళ్ళాను. ఆటో ఆగి ఉంది. వాచ్‌మన్ అడ్డంగా నిలబడ్డాడు, మేనేజరు కేకలేస్తున్నాడు. పన్నెండు మందీ నెత్తిన తడి గోనెలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. మేస్త్రి తన గోనె దించి విప్పింది. లోపల నా రై గడ్డి. పిడికెడు పిడికెడు చొప్పున, వేళ్ళన్నీ ఒకవైపు పెట్టి, గడ్డి పరకతో కట్టిన కట్టలు. అచ్చం వరి నారు కట్టలు.

వాళ్ళు కలుపు తీసిన గడ్డిని గేదెలకని ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళు. ఆ రోజు మాత్రం ఆమె ఎవరినీ గేదెకి వెయ్యనివ్వలేదట. "వేరు చూస్తే ఊద వేరులా లేదు" అని కట్టలు కట్టించి, వేళ్ళు మునిగేలా రాత్రంతా కాలవ ఒడ్డున పెట్టించిందట. ఒకామె గేదె మాత్రం అప్పటికే ఒక మోపు తినేసింది. ఊటీ గడ్డి తిన్న గేదె అని దాన్ని తర్వాత చాలా రోజులు ఆటపట్టించారు.

"తప్పయిపోయిందండీ," అంది మేస్త్రి మేనేజరుతో. "మాకే తెలవలా. ఇవి చావలేదు, నాటుకుంటే బతుకుతయ్యి. ఈ రెండ్రోజులూ పని చేసి మేమే వెళ్ళిపోతాం."

నేను అక్కడే ఉన్నాను. ఆమె నా వైపు చూసింది గానీ, తను చూపించమని అడిగినట్టు చెప్పలేదు. మూడుసార్లు ఫోన్ చేసినట్టు చెప్పలేదు. ఆమె ఆ మాట అని ఉంటే నేను ఎదురు వాదించేవాణ్ణేమో కూడా. అనలేదు కాబట్టే నాకు సిగ్గేసింది.

"వాళ్ళ తప్పు కాదండి," అన్నాను మేనేజరుతో. "నేను చెప్పానన్నది అబద్ధం. ఆవిడ చూపించమని అడిగితే నేను చూపించకుండా వెళ్ళిపోయాను. ఊద తీయమన్నాను. ఇది వాళ్ళ కంటికి ఊదే."

మేనేజరు నన్ను ఎగాదిగా చూశాడు. "పెద్దాయనకి ఈ సంగతి చేరకూడదు. ఆ రోజుకి లాన్ నిండితే సరే సరి. లేకపోతే ఈ ముఠాతో పాటు మీరు కూడా," అని చెయ్యి గేటు బయటికి చూపించి లోపలికి వెళ్ళిపోయాడు.

చూశారా, నేను ఫోను ఆపేసి పడుకున్న సంగతి అప్పుడు కూడా చెప్పలేదు. మనిషి ఒకేసారి పూర్తిగా మంచివాడు కాలేడు.

లాన్‌కి నాట్లు వేయడం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ మాటే అన్నాను. "నారు పీకినోళ్ళకి నాటటం రాదా సారూ?" అంది మేస్త్రి. నేను ఇసుక తడిపించాను. ఆమె పురికొస తెప్పించి ఈ చివర నుంచి ఆ చివరకి లాగి కట్టింది. పన్నెండు మందీ చీరలు ఎగ్గట్టి, వరసగా వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ మొదలుపెట్టారు. కుదురుకి మూడు పరకలు. కట్ట చేతిలోకి తీసుకోగానే కొసలు తుంచేస్తున్నారు. "ముదురు నారు గదా, కొస తుంచితే తొందరగా వేరు పట్టి తిరుగుద్ది" అంది. మిషనుతో కోయడం తప్ప ఇంకో దారి తెలియని నాకు, అదీ కోతేనని అప్పుడు తట్టింది. రెండో రోజు మధ్యాహ్నం నేనూ ప్యాంటు మడిచి వరసలో దిగాను. నా వరస పాములా వంకర్లు పోయింది. ఆమె వెనకే వచ్చి మళ్ళీ పీకి నాటింది.

మూడు రోజులు వాడి పడి ఉంది. ఆ మూడు రోజులూ నేను ఎవరి మొహమూ చూడలేదు. నాలుగోరోజు పొద్దున మంచు దులపడానికి వెళ్తే, మేస్త్రి అప్పటికే అక్కడ గొంతుక్కూర్చుని ఉంది. "తిరిగింది సారూ," అంది. వంగి చూశాను. మధ్యలోంచి లేత సుడి ఒకటి పైకి లేచింది. ఆ పూట గడ్డిని కర్రతో కొట్టబుద్ధి కాలేదు. పాత తువ్వాలుతో మంచు తుడిచాను.

వార్షికోత్సవం నాటికి లాన్ నిండింది. నిజానికి చల్లిన ఎడమవైపు కన్నా నాటిన కుడివైపే బాగుంది. పెద్దాయన రేపల్లె నుంచి వచ్చారు. వెనక అతిథులు, లెక్చరర్లు, అందరికంటే ముందు మేనేజరు. పెద్దాయన లాన్ అంచున గట్టు దగ్గర చెప్పులు విప్పి గడ్డిలోకి దిగారు. ఎడమవైపు నాలుగడుగులు వేసి కళ్ళు మూసుకుని నవ్వారు. కుడివైపుకి వెళ్ళి ఆగిపోయారు. వంగి వేళ్ళతో గడ్డిని పాయలు చేసి చూశారు.

"ఇది చల్లింది కాదే. నాటు. ఎవరు నాటారు?"

"బెంగుళూరు టెక్నిక్ అండి," అన్నాడు మేనేజరు తడుముకోకుండా.

పెద్దాయన నా వైపు చూశారు. నా కాగితం ఆయన సంతకం కోసం ఆఫీసు బల్ల మీద ఉందని నాకు తెలుసు. షామియానా వెనక పన్నెండు మందీ వంట గిన్నెల దగ్గర ఉన్నారని కూడా తెలుసు.

"బెంగుళూరు కాదండి, సంగం జాగర్లమూడి," అన్నాను. పీకింది, నా తొందర వల్ల పీకాల్సి వచ్చింది, కాలవ ఒడ్డున కట్టలు, గేదె తిన్న మోపు, అన్నీ చెప్పేశాను. మేనేజరు మొహం చూడలేదు. పెద్దాయన ముందు కోపంగా విన్నారు. గేదె దగ్గరికి వచ్చేసరికి మీసం కింద పెదవి అదిరింది.

"ఆవిణ్ణి పిలవండి."

మేస్త్రి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గట్టు మీద నిలబడింది. లోపలికి రాలేదు.

"రామ్మా, లోపలికి రా. నువ్వు నాటిందేగా. నువ్వూ కాసేపు నడువు," అన్నారు పెద్దాయన.

"వద్దండీ," అంది. "నాటిన మళ్ళో ఊరికే తిరుగుతామా అండీ? పనుంటే దిగాలి గానీ."

పెద్దాయన తన కాళ్ళ వంక చూసుకున్నారు. అరక దున్నిన మనిషికి ఆ మాట ఇంకొకరు విడమరిచి చెప్పాలా? నెమ్మదిగా వెనక్కి నడిచి వచ్చి, గట్టెక్కి, చెప్పులు తొడుక్కున్నారు. ఆయన వెనక బూట్లతో దిగిన అతిథులు కూడా ఒక్కొక్కరే బయటికి వచ్చేశారు.

"ప్రతి ఏడూ ఈ గడ్డి నాటించండి," అన్నారు మేనేజరుతో. "ఈ ముఠానే. ఇక్కడ కాలేజీ ఉన్నంత కాలం వీళ్ళ పని వీళ్ళది." నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు మాత్రం ఈసారి వంగి చూపించి వెళ్ళు," అన్నారు. కాగితం మీద సంతకం ఆ వారంలోనే అయింది.

ఆ తర్వాత పదకొండు చలికాలాలు అలాగే గడిచాయి. ఒక మూల నారుమడి పోయడం, అది చేతికందగానే పురికొస పట్టి నాటడం. విత్తనం సగం చాలేది, వరసల మధ్య కలుపు దానంతటదే కనిపించేది. వేరే ఊళ్ళ నుంచి వచ్చిన లాన్ వాళ్ళు చూసి నవ్వేవాళ్ళు, తర్వాత గట్టు మీద కూర్చుని పద్ధతి రాసుకునేవాళ్ళు. శివరాత్రి దాటి గడ్డి పసుపు తిరగ్గానే ముఠా దాన్ని పీకి గేదెలకు పట్టుకెళ్ళేది. కింద నుంచి గరిక మళ్ళీ లేచేది. పెద్దాయన ఏటా వచ్చి గట్టు మీద నిలబడి చూసి వెళ్ళేవారు. అంత హాయిగా చేసిన పని నా ఉద్యోగంలో ఇంకోటి లేదు.

మీకు చెప్పేది ఒక్కటే. పనివాళ్ళకి ఏది తియ్యాలో చెప్పే ముందు ఏది ఉంచాలో వంగి చూపించండి. మీ కంటికి పైరు అయినది ఇంకొకరి కంటికి కలుపు కావచ్చు. ఆ అర నిమిషం నేను మిగుల్చుకుని ఏం బావుకున్నానో చూశారుగా.

నేను రిటైరైన రోజున కాలేజీ వాళ్ళు శాలువా కప్పారు. సభ అయ్యాక తోటలోకి వెళ్ళాను. మేస్త్రి నారుమడి దగ్గర ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది గానీ ముఠా ఇంకా ఆమె మాట మీదే నడుస్తోంది. "వెళ్ళొస్తానక్కా," అన్నాను.

ఆమె నడుము ఎత్తింది. అన్నేళ్ళలో మొదటిసారి సారూ అనలేదు.

"మంచిది తమ్ముడూ," అంది. "ఇంకేముంది, మజ్జానం తిని, ఫోను స్విచాఫ్ చేసుకుని పడుకో. ఇప్పుడెవరూ మూడుసార్లు చెయ్యరులే."